చలికాలంలో నిండే వెకేషన్ రెంటల్ తక్కువ బడ్జెట్‌లో కావాలంటే ఎక్కడ వెతకాలి?

న్యూజెర్సీలో ఉంటున్నామని, చేతిలో లక్ష డాలర్ల దాకా ఉందని, 3.5 లక్షల లోపు ధరలో చలికాలమంతా బుకింగ్స్ ఉండే వెకేషన్ రెంటల్ ఏ ఊళ్లో కొంటే మంచిదని అడిగారు. ఇద్దరూ హెచ్1బీ మీదే ఉన్నామని చివర్లో ఒక మాట అన్నారు. ఆ సంగతికీ వస్తాను, ఇందులో అది చిన్న విషయం కాదు.

ఊళ్ల పేర్లు చెప్తాను కానీ ముందు డబ్బు లెక్క చూద్దాం. లక్ష డాలర్లు ఉన్నాయి కదా, 25 శాతం డౌన్ పేమెంట్ అనుకుంటే 3.5 లక్షల ఇల్లు వస్తుందని మీరు లెక్కేసినట్టున్నారు. డౌన్ పేమెంటుకే 87,500 పోతుంది. క్లోజింగ్ ఖర్చులు (రిజిస్ట్రేషన్, లోన్ ఫీజుల లాంటివి) పది వేల దగ్గర ఉంటాయి. ఇంకా మంచాలు, పరుపులు, సోఫాలు, వంటగది సామాను, తాళాలు, కెమెరాలు కొనాలి. మూడు బెడ్రూముల ఇంటిని గెస్టులు ఫొటో చూసి బుక్ చేసేలా సర్దాలంటే ఇరవై వేలకు తక్కువ కాదు. మొదటి నెల హీటర్ పాడైతే చేతిలో ఏమీ మిగలదు. మీ అసలు లిమిట్ 2.5 లక్షలు. 62,500 డౌన్, ఓ ఎనిమిది వేలు క్లోజింగ్, ఇరవై వేలు సామాను పోగా పది వేల దాకా చేతిలో ఉంటుంది. అదీ బొటాబొటీయే.

సెకండ్ హోమ్ లోన్ తీసుకుంటే 10 శాతం డౌన్‌తో వస్తుందని ఎవరో ఒకరు చెప్తారు. వస్తుంది, నిజమే. కానీ ఆ లోన్ మీరు ఏడాదిలో కొంతకాలం వెళ్లి ఉండే ఇంటికి ఇచ్చేది. ఇల్లు మీ అధీనంలోనే ఉండాలి, ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో మేనేజ్‌మెంట్ కంపెనీ నిర్ణయించే ఒప్పందాలు కుదరవు. ఏడాది పొడవునా అద్దెకిచ్చే ఉద్దేశం ఉండి సెకండ్ హోమ్ అని సంతకం పెడితే దాన్ని మార్ట్‌గేజ్ ఫ్రాడ్ అంటారు. వీసా మీద ఉన్నవాళ్లు ఆ జోలికి అసలు పోవద్దు.

ఇక చలికాలం సంగతి. "వింటర్ డిమాండ్" అని అందరూ ఒకే మాటగా అంటారు గానీ అమెరికాలో అది రెండు వేర్వేరు వ్యాపారాలు. ఒకటి మంచు కోసం వచ్చేవాళ్లది, రెండోది మంచు నుంచి పారిపోయేవాళ్లది. మొదటివాళ్లు శుక్రవారం రాత్రి వచ్చి ఆదివారం పోతారు, రాత్రికి ఎక్కువ రేటు ఇస్తారు. రెండోవాళ్లు జనవరిలో వచ్చి మార్చి ఆఖరుకు పోతారు, నెలకింత అని మాట్లాడుకుంటారు. స్నోబర్డ్స్ అనేది వీళ్లనే. చాలామంది రిటైరైనవాళ్లు. ఒక రకం ఊరిని ఇంకో రకం లెక్కతో చూస్తే అంతా తప్పుగా కనిపిస్తుంది.

అంకెల్లో చూడండి. ఇవి నేను ఉదాహరణకు వేసుకున్న రేట్లే. మంచు ఊళ్లో సీజన్ డిసెంబర్ నడిమి నుంచి మార్చి నడిమి దాకా 13 వారాలు. అన్ని వీకెండ్స్ నిండినా 26 రాత్రులు. క్రిస్మస్-న్యూ ఇయర్ వారంలో ఇంకో అయిదు, ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే వారంలో నాలుగు, మార్టిన్ లూథర్ కింగ్ డే ఆదివారం ఒకటి. మొత్తం 36. రాత్రికి 275 డాలర్లయితే 9,900. అరిజోనాలో నెలకు 2,800 చొప్పున మూడు నెలలు ఇస్తే 8,400. తేడా పెద్దగా లేదు. కానీ మొదటి దానిలో ఇల్లు పదిహేను సార్లయినా శుభ్రం చేయించాలి, పదిహేను గుంపుల మెసేజ్‌లకు జవాబివ్వాలి. రెండో దానిలో అది ఒక్కసారితో పోతుంది.

ఇప్పుడు ఖర్చు వైపు చూడండి. 1,87,500 లోన్, 7 శాతం వడ్డీ, 30 ఏళ్లు అంటే నెలకు దాదాపు 1,250. ప్రాపర్టీ టాక్స్, ఇన్సూరెన్స్ కలిపి ఇంకో 550 వేసుకోండి. ఏడాదికి 21,600. కరెంటు, ప్రొపేన్, మంచు తీయించడం, ప్లాట్‌ఫామ్ ఫీజు ఇందులో లేవు. అంటే వీకెండ్ ఒక్కటి కూడా ఖాళీ పోకుండా నిండినా చలికాలం సగం ఖర్చు కూడా మోయదు. అందుకని నేను ఏ ఊరినైనా చూసేటప్పుడు చలికాలం ఎంత బాగుందనేది రెండో ప్రశ్న, మిగతా తొమ్మిది నెలల్లో ఇంకెవరొస్తారనేది మొదటి ప్రశ్న. స్కీయింగ్ ఒక్కటే ఉన్న ఊరు, ఎండ ఒక్కటే ఉన్న ఊరు, రెండూ మీ బడ్జెట్‌కు కష్టం.

డిమాండ్ నిజంగా ఉందా లేదా అన్నది ఎలా తెలుసుకోవాలి? ఎయిర్‌డీఎన్‌ఏ లాంటి డేటా సైట్లు చూడండి, తప్పు లేదు. కానీ అవి ఊరంతటికీ సగటు చెప్తాయి. లేక్ ఒడ్డున ఆరు బెడ్రూముల బంగళా, మీరు కొనబోయే మూడు బెడ్రూముల పాత ఇల్లు అందులో కలిసిపోతాయి. నేను చేసే పని వేరు. మీరు కొనబోయే ఇంటిలాంటివే, అంతే బెడ్రూములు, అదే చుట్టుపక్కల, ఎయిర్‌బీఎన్‌బీలో ఓ ఎనిమిది పది తీసుకోండి. క్యాలెండర్‌లో మూసేసిన తేదీలు చూసి మోసపోవద్దు. ఓనర్ తనకోసం బ్లాక్ చేసుకున్నా, గెస్టు బుక్ చేసినా బయటికి ఒకేలా కనిపిస్తాయి. రివ్యూలు మాత్రం నెలతో సహా ఉంటాయి. జనవరి, ఫిబ్రవరి, మార్చి రివ్యూలు ఒక్కో ఇంటికి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి, కనీసం రెండేళ్లవి. అందరూ రివ్యూ రాయరు గనక అసలు బుకింగ్స్ అంతకన్నా ఎక్కువే ఉంటాయి, కానీ ఏ ఇల్లు నడుస్తోందో ఏది పడుకుందో తెలిసిపోతుంది. రివ్యూల్లో ఏం రాశారో కూడా చదవండి. "స్కీ కొండకు పది నిమిషాలు" అంటున్నారా, "వాటర్‌పార్క్ దగ్గర" అంటున్నారా, "అమ్మావాళ్ల ఇంటికి వచ్చాం, అందరికీ చోటు చాల్లేదు, అందుకే తీసుకున్నాం" అంటున్నారా. ఈ మూడో రకం చాలా ఊళ్లలో ఎవరూ గమనించని డిమాండ్.

ఇంకో పరీక్ష. క్రిస్మస్ వారం ఎక్కడైనా నిండుతుంది, దాన్ని చూసి ఏమీ తెలియదు. జనవరి రెండో వారం చూడండి. పండుగలు అయిపోయి, స్కూళ్లు తెరిచి, లాంగ్ వీకెండ్ ఇంకా రాని వారం అది. ఆ వీకెండ్‌కు ధరలు ఎంత పడిపోయాయో, మూడు నాలుగు వారాల ముందే ఎన్ని ఇళ్లు బుక్ అయ్యాయో చూస్తే ఊరి అసలు బలం తెలుస్తుంది. టెనెసీలోని గాట్లిన్‌బర్గ్, పిజన్ ఫోర్జ్ గురించి మీకు అందరూ చెప్పే ఉంటారు. గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ పార్కుకు ఏటా కోటీ ఇరవై లక్షల దాకా సందర్శనలు ఉంటాయి, నవంబర్, డిసెంబర్‌లో లైట్ల పండుగలతో కళకళలాడుతుంది. కానీ జనవరి మొదటి వారం దాటాక అక్కడి రేట్లు చూసి నాకు చెప్పండి. ఏడాది మొత్తానికి అది గట్టి మార్కెట్టే, కాదనను. చలికాలపు మార్కెట్ అనడం మాత్రం అతిశయోక్తి. ఇప్పుడక్కడ 2.5 లక్షలకు మంచి క్యాబిన్ దొరకడమూ కష్టమే.

మీ ఇంటి నుంచి మొదలుపెడదాం. పెన్సిల్వేనియాలోని పోకనోస్ కొండ ప్రాంతం మీకు గంటన్నర, రెండు గంటల్లో ఉంది. న్యూయార్క్, న్యూజెర్సీ, ఫిలడెల్ఫియా జనమంతా కారులో వచ్చే దూరం. క్యామెల్‌బ్యాక్, జాక్ ఫ్రాస్ట్, బిగ్ బోల్డర్ స్కీ కొండలున్నాయి. అవి గొప్ప కొండలేం కావు. నాకు ఆ ప్రాంతం నచ్చేది ఇంకో కారణానికి: గ్రేట్ వుల్ఫ్ లాడ్జ్, కలహారీ, క్యామెల్‌బ్యాక్‌లోని అక్వటోపియా, ఇవన్నీ ఇన్‌డోర్ వాటర్‌పార్కులు. మంచు పడకపోయినా పిల్లలున్న కుటుంబాలు ఫిబ్రవరిలో వస్తాయి. ఎండాకాలం లేక్‌లు, అక్టోబర్‌లో ఆకుల రంగులు. మంచు మీద ఆధారపడని చలికాలం దొరికే చోట్లు చాలా తక్కువ, ఇది అందులో ఒకటి.

పోకనోస్‌లో గండం రూల్స్ దగ్గరుంది. 2019లో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు అక్కడి హ్యామిల్టన్ టౌన్‌షిప్ (స్థానిక పాలనా విభాగం) కేసులోనే తీర్పిచ్చింది: సింగిల్ ఫ్యామిలీ జోన్‌లో (ఒక్కో ఇంట్లో ఒక్క కుటుంబమే ఉండాలన్న ప్రాంతంలో) ఇంటిని రోజుల లెక్కన అద్దెకిస్తూ పోతే, అది ఆ జోనింగ్ అనుమతించే కుటుంబ నివాసం కిందికి రాదని. అంటే టౌన్‌షిప్ ప్రత్యేకంగా నిషేధించకపోయినా పాత జోనింగ్ చాలు మిమ్మల్ని ఆపడానికి. రోడ్డుకు ఇవతల ఒక టౌన్‌షిప్, అవతల ఇంకోటి, ఒక్కోదానికి ఒక్కో పర్మిట్ పద్ధతి. దాని మీద హెచ్‌ఓఏ, అంటే ఇళ్ల ఓనర్ల సంఘం రూల్స్. అక్కడి ఇళ్లలో చాలా వరకు గేటెడ్ కమ్యూనిటీల్లోనే ఉంటాయి. కొన్ని షార్ట్ టర్మ్ అసలు వద్దంటాయి, కొన్ని ఒక్కో బుకింగ్‌కు ఫీజు వసూలు చేస్తాయి. అక్కడ చవగ్గా కనిపించిన ఇల్లు ఎందుకు చవగ్గా ఉందో హెచ్‌ఓఏ కాగితాలు చదివితే సగం సార్లు అక్కడే తెలిసిపోతుంది.

రాష్ట్రం మారితే చట్టం ఎంత మారుతుందో చూడండి. న్యూ హ్యాంప్‌షైర్‌లో కాన్వే ఊరు ఇలాగే వాదిస్తే, 2023లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఓనర్ల వైపు తీర్పిచ్చింది. అరిజోనాలో 2016 నుంచి ఊళ్లు షార్ట్ టర్మ్ రెంటల్స్‌ను పూర్తిగా నిషేధించలేవు, 2022 చట్టం తర్వాత లైసెన్సు మాత్రం అడగొచ్చు. కాలిఫోర్నియాలో పామ్ స్ప్రింగ్స్ కొత్త పర్మిట్లకు ఏడాదికి 26 బుకింగ్స్ అని గీత గీసింది, ఒక్కో నైబర్‌హుడ్‌లో 20 శాతం ఇళ్లు దాటకూడదంది. ఇరవయ్యారు బుకింగ్స్‌తో నెలల లెక్కన ఇచ్చుకునేవాళ్లకు ఇబ్బంది లేదు, వీకెండ్ వ్యాపారం మాత్రం చచ్చిపోతుంది. ఒకే రూల్ ఒకరికి ఉరి, ఇంకొకరికి లెక్కే లేదు.

ఇప్పుడు "అఫర్డబుల్" సంగతి. పేరున్న స్కీ ఊళ్లు మీకు అందవు, అందిన కాండోలకు హెచ్‌ఓఏ ఫీజులు నెలకు వెయ్యి దాటిపోతుంటాయి. నేను వెతికేది ఆ ఊళ్ల పక్కనుండే పాత పనివాళ్ల ఊళ్లు. మిల్లు మూతపడింది, గని మూతపడింది, ఇళ్లు మిగిలాయి, కొండ మాత్రం ఎక్కడికీ పోలేదు. అమెరికాలో చవకైన చలికాలపు మార్కెట్లు దాదాపు అన్నీ ఈ రకమే.

ఐడహోలో కెలాగ్ చూడండి. బంకర్ హిల్ గని, స్మెల్టర్ 1981లో మూతపడ్డాయి. ఇవాళ అదే ఊరి మధ్య నుంచి సిల్వర్ మౌంటెన్ స్కీ కొండకు మూడు మైళ్ల గొండోలా (కేబుల్ కారు) వెళ్తుంది. ఐ-90 పక్కనే ఉంది, స్పొకేన్ నుంచి గంట పైచిలుకు. ఎండాకాలం సైకిల్ ట్రెయిల్స్ కోసం జనం వస్తారు. రెండు సీజన్లు, హైవే, దగ్గర్లో ఎయిర్‌పోర్టు, అన్నీ ఉన్నాయి. మరి ఎందుకు చవక? ఆ లోయంతా 1983 నుంచి సూపర్‌ఫండ్ (కలుషిత స్థలాలను శుభ్రం చేసే ఫెడరల్ కార్యక్రమం) జాబితాలో ఉంది, మట్టిలో సీసం. పెరట్లో మట్టి మార్చారా లేదా అన్న రికార్డు ఒక్కో స్థలానికీ అక్కడి పాన్‌హ్యాండిల్ హెల్త్ డిస్ట్రిక్ట్ దగ్గర ఉంటుంది. ఆఫర్ పెట్టే ముందు ఆ కాగితం అడగండి. దానికి భయపడి పారిపోనక్కర్లేదు, చాలా పెరళ్లు ఎప్పుడో శుభ్రం చేశారు. కాగితం లేకుండా కొనొద్దు, అంతే.

న్యూ హ్యాంప్‌షైర్‌లో బెర్లిన్, దాని పక్కన గోరమ్ ఇలాంటివే. బెర్లిన్ పల్ప్ మిల్లు 2006లో మూతపడింది. బోస్టన్‌కు మూడు గంటల పైన దూరం. వైల్డ్‌క్యాట్ కొండ దగ్గర. బెర్లిన్‌లోనే జెరికో మౌంటెన్ స్టేట్ పార్కులో ఎండాకాలం ఏటీవీలు, చలికాలం స్నోమొబైల్స్ తిరుగుతాయి. స్నోమొబైల్ గెస్టును చాలామంది పట్టించుకోరు గానీ నాకు ఇష్టమైన గెస్టు. నలుగురైదుగురు మగవాళ్లు గుంపుగా వస్తారు, వారం మధ్యలోనూ వస్తారు, వాళ్లకు వ్యూ అక్కర్లేదు. ట్రైలర్ పెట్టుకునే స్థలం, తడి బట్టలు ఆరేసుకునే చోటు, ట్రెయిల్‌కు ఇంటి నుంచే పోయే దారి, ఈ మూడూ ఉంటే మళ్లీ మళ్లీ వస్తారు. మెయిన్ రాష్ట్రంలో సండే రివర్ స్కీ కొండకు దగ్గరున్న బెథెల్ ఖరీదు పెరిగిపోయింది, అరగంట దూరంలో పేపర్ మిల్లు ఊరు రమ్‌ఫర్డ్ ఇంకా చవక.

మిచిగన్ అప్పర్ పెనిన్సులాలో ఐరన్‌వుడ్, బెస్సమర్, వేక్‌ఫీల్డ్ పాత ఇనుప గనుల ఊళ్లు. ధర మాత్రమే చూస్తే వీటిని మించినవి లేవు, మీ బడ్జెట్‌లో సగానికే ఇళ్లు దొరుకుతాయి. లేక్ సుపీరియర్ మీదుగా వచ్చే గాలితో మంచు విపరీతంగా పడుతుంది. మినియాపొలిస్ నుంచి నాలుగు గంటలు, షికాగో నుంచి ఆరు దాటుతుంది. ఆ దూరమే బలహీనత: ఎండాకాలం లేక్ కోసం షికాగోవాళ్లకు అంతకన్నా దగ్గర చోట్లు బోలెడు. ఇంకోటి, అంత మంచు ప్రాంతం కూడా ఒక్కో ఏడాది చెయ్యిస్తుంది. 2023-24 చలికాలంలో ఆ చుట్టుపక్కల మంచే సరిగ్గా పడలేదు. పక్కనే విస్కాన్సిన్‌లో జరిగే అమెరికన్ బిర్కెబైనర్ స్కీ రేసును 2024 ఫిబ్రవరిలో పది కిలోమీటర్ల లూప్ మీద కృత్రిమ మంచు పరిచి నడిపారు. స్కీ కొండకు స్నో మెషీన్లుంటాయి, ట్రెయిల్స్‌కు ఉండవు. స్నోమొబైల్ మీద ఆధారపడే ఇంటికి అలాంటి ఏడాది పూర్తిగా సున్నా.

మిచిగన్‌లో ఇంకో ఉచ్చు: లిస్టింగ్‌లో చూపించే ప్రాపర్టీ టాక్స్ పాత ఓనర్‌ది. ఇల్లు చేతులు మారాక మరుసటి ఏడాది టాక్సబుల్ వాల్యూ (టాక్స్ లెక్కేసే ఇంటి విలువ) పెరుగుదల మీదున్న పరిమితి తొలగిపోతుంది, మీది సొంత నివాసం కాదు గనక స్కూల్ టాక్స్ కింద ఇంకో 18 మిల్స్ (ఆ విలువలో వెయ్యి డాలర్లకు 18 డాలర్లు) దాకా పడతాయి. పాత బిల్లు చూసి లెక్కేస్తే రెట్టింపు రావచ్చు. ఫ్లోరిడాలోనూ కథ ఇదే, హోమ్‌స్టెడ్ (సొంత నివాసానికి టాక్స్ తగ్గింపు) ఉన్న ఓనర్ బిల్లుకూ మీకు వచ్చే బిల్లుకూ పోలికే ఉండదు.

టెక్సస్‌వాళ్లు వెళ్లే న్యూ మెక్సికో ఊళ్లు మీకు దూరం గనక ఒక్క మాటే: రెడ్ రివర్ మార్చి స్ప్రింగ్ బ్రేక్‌కు బాగా నిండుతుంది, రుయిడోసో కూడా నిండేది కానీ 2024 జూన్‌లో కార్చిచ్చు వచ్చాక ప్రతి వర్షానికీ వరద భయం పట్టుకుంది. ఇన్సూరెన్స్ కోట్ చేతికి రాకుండా అక్కడ మాటే వద్దు.

ఎండ వైపు వెళ్దాం. ఫ్లోరిడాలో ఫోర్ట్ మయర్స్, కేప్ కోరల్ వైపు ధరలు 2022 నుంచి బాగా దిగాయి. 2.5 లక్షలకు కాండోలు కుప్పలుగా కనిపిస్తాయి. జనవరి నుంచి మార్చి దాకా స్నోబర్డ్ డిమాండ్ నిజమే, ఏళ్లుగా ఒకే ఇంటికి వచ్చేవాళ్లున్నారు. చవక ఎందుకయ్యాయో మాత్రం చూడాలి. 2021 జూన్‌లో సర్ఫ్‌సైడ్‌లో కాండో బిల్డింగ్ కూలి 98 మంది చనిపోయారు. ఆ తర్వాత వచ్చిన చట్టం ప్రకారం మూడంతస్తులు, అంతకు పైన ఉన్న పాత కాండో బిల్డింగులకు స్ట్రక్చరల్ తనిఖీ, రిపేర్లకు రిజర్వు నిధి తప్పనిసరి. ఇన్నాళ్లూ రిజర్వు కట్టకుండా నెట్టుకొచ్చిన అసోసియేషన్లు ఒక్కసారిగా ఫీజులు పెంచాయి, స్పెషల్ అసెస్‌మెంట్లు (ఓనర్ల నుంచి అదనపు వసూళ్లు) వేశాయి. దాన్ని తప్పించుకోవడానికి అమ్ముతున్న కాండో మీకు చవగ్గా కనిపిస్తుంది. రిజర్వ్ స్టడీ (రిపేర్లకు ఎంత నిధి కావాలో చెప్పే నివేదిక), గత రెండేళ్ల మీటింగ్ మినిట్స్ చదవకుండా సంతకం పెట్టొద్దు. మినిట్స్‌లో "రూఫ్", "బాల్కనీ", "సీవాల్" అన్న మాటలు ఎన్నిసార్లు వస్తాయో చూడండి చాలు. దీనికి తోడు 2022 సెప్టెంబర్ ఇయన్ హరికేన్ తర్వాత గాలికి ఒక పాలసీ, వరదకు ఇంకో పాలసీ, రెండింటికీ ఇన్సూరెన్స్ కొటేషన్లు విడిగా తెప్పించుకోవాలి.

అసోసియేషన్ నెలకు తక్కువ అద్దెలు కుదరవంటే వీకెండ్ వ్యాపారులు పక్కకు తప్పుకుంటారు. స్నోబర్డ్‌కు ఇవ్వాలనుకునే మీకు అది మంచిదే. కానీ టాక్స్ గుర్తుపెట్టుకోండి. ఫ్లోరిడాలో ఆరు నెలలూ లేక అంతకన్నా తక్కువ ఉండే అద్దెలన్నిటికీ సేల్స్ టాక్స్, కౌంటీ టూరిస్ట్ టాక్స్ పడతాయి. మూడు నెలల స్నోబర్డ్ అద్దెకూ అంతే. అరిజోనాలో ముప్పై రోజులు, అంతకు మించిన నివాసపు అద్దెల మీద ఊళ్లు వేసే టాక్స్ 2025 జనవరి నుంచి ఎత్తేశారు. పది, పన్నెండు శాతం తేడా ఇక్కడే వస్తుంది.

అందుకే ఎండ చలికాలానికి నా ఓటు అరిజోనాకే, అందులోనూ టూసాన్ చుట్టుపక్కలకు. జనవరి ఆఖరు నుంచి ఫిబ్రవరి నడిమి దాకా జరిగే జెమ్ షోకు (రత్నాలు, ఖనిజాల సంత) ప్రపంచం నలుమూలల నుంచి వ్యాపారులొస్తారు, వాళ్లకు రెండు మూడు వారాలకు ఇల్లు కావాలి. యూనివర్సిటీ, ఆస్పత్రులు, ఎయిర్‌ఫోర్స్ బేస్ ఉన్నాయి గనక ఎండాకాలం పూర్తిగా ఎండిపోదు, కొన్ని నెలల కాంట్రాక్టు మీద వచ్చే ట్రావెల్ నర్సులకు మూడు నెలలకు ఇచ్చుకోవచ్చు. ఫీనిక్స్ వైపు మార్చిలో బేస్‌బాల్ స్ప్రింగ్ ట్రైనింగ్ రేటు పెంచుతుంది, కానీ ధరలు మీకు అందవు. టూసాన్‌కు దక్షిణాన గ్రీన్ వ్యాలీలో చిన్న టౌన్‌హోమ్స్ మీ బడ్జెట్‌లో వస్తాయి. అక్కడ చాలావరకు 55 ఏళ్లు దాటినవాళ్ల కమ్యూనిటీలు. ఇలాంటిచోట్ల కొన్ని అసోసియేషన్లు కొనేవాళ్ల వయసు పట్టించుకోవు, ఉండేవాళ్ల వయసే లెక్క. కొన్ని రెండూ అడుగుతాయి. అలాగే ఏడాదికి ఎన్నిసార్లు అద్దెకివ్వొచ్చు అన్నదీ రాసి ఉంటుంది.

స్నోబర్డ్స్‌లో కెనడావాళ్ల వాటా ఎంతో ఊరిని బట్టి చూసుకోండి. 2025లో ఏప్రిల్ నుంచి అమెరికాకు కారులో వచ్చివెళ్లే కెనడావాళ్ల సంఖ్య అంతకుముందు ఏడాదితో పోలిస్తే ప్రతి నెలా దాదాపు మూడో వంతు తక్కువగా ఉంటూ వచ్చింది. ముప్పై రోజులు దాటి ఉండేవాళ్లు రిజిస్టర్ చేసుకోవాలన్న నిబంధన కూడా అప్పుడే వచ్చింది. ఫ్లోరిడాలో కొన్ని ఊళ్లు, టొరంటో జనం ఎక్కువగా వచ్చే న్యూయార్క్‌లోని ఎలికాట్‌విల్ స్కీ ఊరు దీనికి గట్టిగా తగులుకుంటాయి. మినెసోటా, అయోవా, విస్కాన్సిన్ జనం వచ్చే అరిజోనా ఊళ్లకు ఆ టెన్షన్ తక్కువ.

అలబామాలో గల్ఫ్ షోర్స్, టెక్సస్‌లో సౌత్ పాడ్రే ఐలాండ్‌లో కూడా చలికాలం స్నోబర్డ్స్ నిండుగా ఉంటారు. అది చూసి "వింటర్ డిమాండ్ బాగుంది" అనుకోకండి. అక్కడ ఎండాకాలం ఒక్క వారానికి వచ్చే అద్దే చలికాలం నెలంతటికీ వస్తుంది. ఖాళీ ఇంటికి దీపం పెట్టే గెస్టులు వాళ్లు, మీ లోన్ కట్టేవాళ్లు కాదు.

మంచు ఊళ్లో ఇల్లు చూడ్డానికి వెళ్తే, ఇంట్లోకి అడుగుపెట్టే ముందు డ్రైవ్‌వే చివర నిలబడండి. ఎంత ఏటవాలుగా ఉంది, ఉత్తరం వైపు చెట్ల నీడలో ఉందా అని. నీడలో ఉంటే ఐస్ మార్చి దాకా కరగదు, శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి గెస్టు సెడాన్ సగంలో ఇరుక్కుని ఫోన్ మీకే వస్తుంది. మంచు తీసేవాళ్లతో ఒక్కో సారికి ఇంత అని కాకుండా సీజన్ మొత్తానికి మాట్లాడుకోవడం నయం. ప్రొపేన్ ట్యాంక్ సొంతమా, లీజుకా? లీజయితే ఆ కంపెనీ దగ్గరే, వాళ్లు చెప్పిన రేటుకే కొనాలి. సెప్టిక్ ట్యాంక్ పర్మిట్‌లో ఎన్ని బెడ్రూములకు అనుమతి ఉందో చూడండి. లిస్టింగ్‌లో నాలుగు ఉండి పర్మిట్‌లో రెండే ఉంటే చాలా ఊళ్లు నలుగురు గెస్టులకు మించి ఒప్పుకోవు, మీ రేటు అక్కడే సగమవుతుంది. పాత మిల్లు ఊళ్ల ఇళ్లలో వైరింగ్ మార్చారా, పైపులు బయటి గోడల్లోంచి వెళ్తున్నాయా అని ఇన్‌స్పెక్టర్‌ను విడిగా అడగండి. కరెంటు పోయినా మెసేజ్ పంపగలిగేలా సెల్యులార్ బ్యాకప్ ఉన్న టెంపరేచర్ అలారం పెట్టించండి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు హీట్ ఆగి పైపు పగిలితే, హీట్ నడిపించినట్టు రుజువు లేదని ఇన్సూరెన్స్ క్లెయిమ్ తిరగ్గొట్టే అవకాశం ఉంది. ఆ అలారం రికార్డే మీ రుజువు.

ఇక వీసా, టాక్సు. రెండూ ముడిపడి ఉన్నాయి. సగటు బస ఏడు రోజులు, అంతకన్నా తక్కువ ఉండి, పనిలో మీరు నిజంగా పాల్గొంటే (ఏడాదికి వంద గంటలు దాటాలి, ఇంకెవరికన్నా తక్కువ కాకూడదనేది ఒక కొలమానం) అద్దె వ్యాపారంలో కాగితం మీద వచ్చే నష్టాన్ని మీ జీతం మీద చూపించుకోవచ్చు. 2025 జనవరి 19 తర్వాత కొన్నవాటికి 100 శాతం బోనస్ డిప్రిసియేషన్ (అర్హమైన సామాను అరుగుదలంతా మొదటి ఏడాదే ఖర్చుగా చూపించడం) మళ్లీ వచ్చింది గనక యూట్యూబ్ నిండా ఇదే. ఇందులో రెండు చిక్కులున్నాయి. స్నోబర్డ్‌కు నెలల లెక్కన ఇస్తే సగటు బస ఏడు రోజులు దాటిపోతుంది, ఈ వెసులుబాటు పోతుంది. రెండోది మీకే ప్రత్యేకం: హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఇల్లు కొనొచ్చు, అద్దె ఆదాయం తీసుకోవచ్చు, కానీ "నేనే స్వయంగా వంద గంటలకు పైగా ఈ వ్యాపారంలో పనిచేశాను" అని టాక్స్ రిటర్న్‌కు ఆధారాలు రాసిపెట్టుకోవడం, స్పాన్సర్ చేసిన ఉద్యోగం తప్ప ఇంకో పని చేయకూడదన్న వీసా షరతు, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. సీపీఏ (టాక్స్ అకౌంటెంట్) ఒకటి చెప్తారు, ఇమిగ్రేషన్ లాయర్ ఇంకోటి చెప్తారు. ఇద్దరినీ ఒకే కాల్‌లో కూర్చోబెట్టి అడగండి. గ్రీన్‌కార్డు వరుసలో ఉన్నప్పుడు నేనైతే పని మొత్తం ప్రాపర్టీ మేనేజర్‌కు అప్పగించి, ఆ టాక్స్ లాభం వదిలేసుకుంటాను. మేనేజర్‌కు 20 నుంచి 30 శాతం పోతుంది, అది కూడా లెక్కలో వేసుకునే ఇల్లు చూడండి.

మేనేజర్ ఖర్చు వేసుకున్నాక మీ 2.5 లక్షలకు నాకు కనిపించే దారులు రెండే. దగ్గర్లో కావాలంటే పోకనోస్, వాటర్‌పార్కులకు పావుగంట లోపు, షార్ట్ టర్మ్ పర్మిట్ ఇప్పటికే వాడుకలో ఉన్న ఇల్లు. ఆ పర్మిట్ కొత్త ఓనర్‌కు బదిలీ అవుతుందా, మళ్లీ దరఖాస్తు చేయాలా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. దూరమైనా తలనొప్పి తక్కువ కావాలంటే టూసాన్ వైపు, ముప్పై రోజులు దాటిన అద్దెలకు. ఎండ ఊరి ఇళ్లను అక్టోబర్‌లో కాకుండా మేలో చూడండి. స్నోబర్డ్స్ వెళ్లిపోయాక అమ్మకానికి పెట్టినవాళ్లు బేరానికి దిగుతారు, ఏసీ పనిచేస్తోందో లేదో కూడా ఆ వేడిలోనే తెలుస్తుంది. మంచు ఇంటిని మాత్రం మంచు ఉండగానే ఒకసారి చూసి, ఆఫర్ ఏప్రిల్‌లో పెట్టండి. ఇంకొకటి, టౌన్‌షిప్ జోనింగ్ ఆఫీసుకు ఫోన్ చేసినప్పుడు "మీ ఊళ్లో ఎయిర్‌బీఎన్‌బీకి ఒప్పుకుంటారా" అని అడగొద్దు. ఇంటి పార్సెల్ నంబర్ (స్థలం రికార్డు నంబర్) చెప్పి, ఆ ఒక్క స్థలానికి ఏం కుదురుతుందో ఈమెయిల్‌లో రాసివ్వమనండి.